అది 'ఘర్షణ' కాదండీ

సంపాదకుడు గారికి,

జూలై 18న మీ జిల్లా పేజీలో, బంగారం ధరల పక్కన, కారంచేడు మృతులకు నివాళి అని నాలుగు లైన్ల వార్త వేశారు. రాద్దామా వద్దా అని పది రోజులు ఊరుకున్నాను. ఇక ఊరుకోలేక రాస్తున్నాను. '1985లో బాపట్ల జిల్లా కారంచేడులో ఇరువర్గాల మధ్య జరిగిన ఘర్షణలో ఆరుగురు మరణించారు' అట. 1985లో బాపట్ల జిల్లా ఎక్కడిదండీ? అది వచ్చిందే 2022లో. అప్పట్లో కారంచేడు ప్రకాశం జిల్లా. సరే, జిల్లా పేరు పోతే పోయింది. ఆ 'ఘర్షణ' ఏమిటి?

తాగేనీళ్ళ చెరువు దగ్గర భూస్వాముల కుర్రాళ్ళు గేదెల బకెట్లు కడుగుతుంటే, ఆ మురికంతా మేం తాగే నీళ్ళలో కలుస్తోందని మాదిగపల్లె వాళ్ళు అడిగారు. అడిగినందుకు కొట్టబోతే ఒక మహిళ బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17 పొద్దున, భూస్వాముల మనుషులు వందల మంది గొడ్డళ్ళు, బరిసెలు పట్టుకుని పల్లె మీద పడ్డారు. పొలాల్లోకి పారిపోతున్న వాళ్ళను కూడా తరిమి చంపారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. మీరు రాసిన రెండో 'వర్గం' చేతిలో ఉన్నది ఆ బిందె ఒక్కటే.

ప్రాణాలు దక్కించుకున్న వాళ్ళు మా చీరాల వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. మా వీధిలో మగ్గాల ఇళ్ళ వాళ్ళు ఇచ్చిన దుప్పట్లు మోసుకెళ్ళాను. కుళాయి దగ్గర ఒక ముసలామె ఖాళీ చెంబుతో పక్కకు నిలబడి ఉంది. ఏం అవ్వా అంటే, "నేను పట్టుకోవచ్చా బాబూ, ఎవరన్నా ఏమన్నా అంటారా?" అంది. మున్సిపాలిటీ కుళాయి, ఎవరూ ఏమీ అనరన్నాను. అయినా నేను తిప్పితేనే పట్టుకుంది.

ఊరికి వచ్చేయండి, సర్దుకుపోదాం అని ఎందరు చెప్పినా వాళ్ళు కదల్లేదు. చీరాలలో విజయనగర్ కాలనీ అలా వచ్చిందే. పొన్నూరులో సంస్కృతం పాఠాలు చెప్పుకునే కత్తి పద్మారావు గారు, హైకోర్టు లాయరు బొజ్జా తారకం గారు ముందుండి నడిపిన దళిత మహాసభ అదే ఏడాది ఇక్కడే పుట్టింది. 1989లో ఎస్సీ, ఎస్టీల మీద దౌర్జన్యాలను అరికట్టే అట్రాసిటీ చట్టం ఢిల్లీ పెద్దలకు జాలి కలిగి వచ్చింది కాదు. ఇక న్యాయం సంగతంటారా, సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబర్‌లో వచ్చింది. ఇరవై మూడేళ్ళు! ఒకరికి యావజ్జీవం, మిగతా వాళ్ళకు మూడేళ్ళు. చుండూరుకు ఆ మాత్రం కూడా దక్కలేదు. 1991లో అక్కడ ఎనిమిది మంది దళితులను చంపిన కేసులో, ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చుండూరు హత్యలు జరిగిన ఆగస్టు 6 వస్తోంది, దాన్ని కూడా ఘర్షణే అంటారేమో చూడాలి.

మిమ్మల్నే అని ఏం లాభం? అధికారులు ఏప్రిల్ 14న అంబేడ్కర్ విగ్రహానికి దండేసి, ఫొటో దిగి, ఆ దండ వాడకముందే కారెక్కుతారు. పోయినేడు మా వీధి కుర్రాణ్ణి కులం పేరుతో తిట్టి కొడితే వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాను. మూడు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి, "పెద్దవారు, మీరన్నా చెప్పండి మాస్టారూ, రాజీ పడమని" అన్నారు. అక్కడా 'ఇరువర్గాలే'.

మా మనవరాలు స్కూల్లో రోజా పార్క్స్ మీద ప్రాజెక్టు చేసింది. 1955, అమెరికాలోని మాంట్‌గమరీ, బస్సులో లేవనన్న సీటు, 381 రోజులు బస్సులు ఎక్కకుండా నల్లవాళ్ళు నడిచిన సంగతి అంతా గడగడా చెప్పింది. సంతోషమే, పిల్లలకు తెలియాల్సిందే. కారంచేడు ఎక్కడో తెలుసా అంటే, "మన బస్సు వెళ్తుందిగా తాతయ్యా, ఆ ఊరేనా" అంది. ఇక దానికి తెలిసేది మీ పేపర్లో చూసే కదా.

సవరణ వేస్తారో లేదో నాకు తెలియదు. మొదటి పేజీ అడగడం లేదు. ఆ బంగారం ధరల పక్కనే వేయండి, అది రోజూ అందరూ చూస్తారు.

— రిటైర్డ్ తెలుగు మాస్టారు, చీరాల