ఆ పేజీ సంగతి

హనుమకొండ

చిరంజీవి బుజ్జికి బాపు ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నీ ఫోను వచ్చి పదహారు రోజులైంది కాని, అందుకని ఈ ఉత్తరం రాయడం లేదు; కాజీపేట అత్తమ్మ వచ్చి ఏదో చెప్పి వెళ్లిందని కూడా కాదు. రగ్బీ జట్టుకు మైదానం బయట జరిగే ఏర్పాట్లన్నీ, అంటే తిండి, నిద్ర, వైద్యం, ప్రయాణం, పరిశీలించి నివేదిక ఇచ్చే పని నీకు అప్పగించారు కనుక, ముప్పై ఏళ్లు పీఈటీగా పనిచేసినవాడిగా నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

1995 ప్రపంచ కప్ ఫైనల్‌కు ముందు జోహన్నెస్‌బర్గ్‌లో న్యూజిలాండ్ ఆటగాళ్లలో చాలామందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయని, చివరికి అదనపు సమయంలో 15-12తో దక్షిణాఫ్రికా చేతిలో ఓడిపోయారని నువ్వే చెప్పావు. అందుకని జట్టు వంటగదిలో నీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగారో అడిగి రాసుకో. నువ్వు మాత్రం మధ్యాహ్నం వడాపావుతో సరిపెట్టుకుంటున్నావట. ఆటగాళ్ల నిద్ర గంటలు లెక్కపెట్టే మనిషివి రాత్రి రెండింటికి వాట్సాప్‌లో కనబడుతున్నావని అమ్మ గమనించింది.

2003లో ఇంగ్లండ్ కోచ్ క్లైవ్ వుడ్‌వర్డ్ విరామంలో ఆటగాళ్లకు పొడి జెర్సీలు తొడిగించేవాడని చెప్పి నువ్వు నవ్వినప్పుడు నేను నవ్వలేదు. తడిసిన బనియనుతో మళ్లీ బరిలోకి దిగే పిల్లల ముఖాలు నేను చూశాను.

తలకు దెబ్బ తగిలిన ఆటగాణ్ణి అయిదో రోజునే ఆడించారని నువ్వు రాసిన పేజీని తీసేయమని మీ జట్టువాళ్లు పట్టుబడుతున్నారని అత్తమ్మ అంటున్నది. ఆమె మాటల్లో సగం కొట్టేయాలని తెలుసు, బావి తవ్వించిననాటి ఆమె హడావిడి నేను మరచిపోలేదు. అయినా, తలదెబ్బ లక్షణాలు స్పష్టంగా కనబడి బయటికి వచ్చిన ఆటగాణ్ణి కనీసం 12 రోజులు మ్యాచ్‌కు దూరంగా ఉంచాలని 2022లో ఆ ఆటను నడిపే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ రగ్బీ చెప్పిన సంగతి వాళ్లకు తెలియదా?

నువ్వు పుట్టడానికి ముందటి ఏడాది మా బడి కబడ్డీ జట్టును కరీంనగర్ తీసుకుపోయాను. పిల్లలు తరగతి గదిలో, బెంచీలు ఒక మూలకు జరిపి, నేల మీదే పడుకున్నారు; రాత్రి తిన్నది చల్లారిన ఉప్మా. సెమీఫైనల్లో మా పిల్లవాడొకడు కూతకు పోయినప్పుడు అవతలివాడి మోకాలు కణతకు తగిలింది. లేచి దుమ్ము దులుపుకొని "ఏం కాలేదు సార్" అన్నాడు. సాయంత్రం అరటిపండు ఒలుస్తూ, "సార్, మన మ్యాచ్ అయిపోయిందా?" అని అడిగాడు. అయిపోయిందని చెప్పాను. ఆ పండు తినడం ముగిసేలోగా అదే మాట ఇంకో రెండుసార్లు అడిగాడు. మర్నాడు ఫైనల్లో వాణ్ణి దింపాను. మధ్యలో కూత ఆపేసి గీత దగ్గర నిలబడి, ఎటు రావాలో తెలియనట్టు మా వైపు చూశాడు. రెండు పాయింట్లతో గెలిచాం. మన ముందు గదిలో ఉన్న షీల్డు ఫొటోలో కెమెరాను కాక పక్కకు చూస్తున్నవాడు వాడే. నెల దాటినా బడికి రాలేదు. వాళ్లమ్మ వచ్చి, "సారూ, పోరడు వెలుతురు జూడలేకపోతున్నడు" అన్నది. ఆమెకు నేను ఎండదెబ్బ అని చెప్పాను.

ఉపదేశం చేయకూడదనే మొదలుపెట్టాను కాని, ఇది మాత్రం విను. ఎవరిని ఆడించాలో కోచ్ చెప్పవచ్చు, ఎవరిని ఆడించకూడదో వైద్యుడే చెప్పాలి, ఆ వైద్యుడి జీతం, సెలవు కోచ్ చేతిలో ఉండకూడదు. ఈ మాట నీ నివేదికలో మొదటి పేజీలోనే ఉండాలి. ఎవరు ఏం తీసేయమన్నా నోటిమాటగా ఒప్పుకోకు, మెయిల్‌లో రాసి పంపమను, తేదీతో సహా ఒక ప్రతి నీ దగ్గర ఉంచుకో. ఉద్యోగం పోతుందని భయపడుతున్నావేమో, పై గది ఖాళీగానే ఉంది, కిందటి వారమే సున్నం వేయించాను.

సకినాలు పంపుతున్నాను. పైపొరవి అమ్మవి, అడుగున కొంచెం మాడినవి నావి. డబ్బా మూత గట్టిగా పెట్టు, అక్కడి గాలికి మెత్తబడతాయి.

ఆ పేజీ ఉన్నదో తీసేశావో ఒక్క ముక్క రాయి. ఫోనులో చెప్పకు, స్పీకరు పెట్టి అమ్మ వింటుంది, ఆ ఫొటో కథ ఆమెకు తెలియదు.

నీ బాపు