పిల్లల్ని లెక్కలో పెట్టుకుని బెంచీలు కొనండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పార్కుల్లో కొత్త బెంచీలు వేస్తారని మీ పత్రికలో చదివి వారం దాటింది. సంతోషమే. కానీ ముందు వేసినవాటి సంగతి ఎవరూ అడగరా?

హనుమకొండలో మా కాలనీ పార్కులో రెండేళ్ల కింద వేసిన ఇనుప బెంచీ ఒకటుంది. దాని ముందు కాళ్లకు బోల్టులు ఎప్పుడో పోయాయి. దసరా సెలవుల్లో ఆరేళ్ల మా మనవడు, వాడి దోస్తు ఉరికొచ్చి ఎక్కి, వీపు ఆనించే కడ్డీ మీద కూర్చున్నారు. బెంచీ వాళ్లతో సహా వెనక్కి ఒరిగింది. మావాడి తలకు మూడు కుట్లు పడ్డాయి. తర్వాత వెళ్లి చూస్తే, పైపు అడుగున వేలితో నొక్కితే చాలు, పొరలు పొరలుగా రాలుతోంది. తుప్పు మీదే ఆకుపచ్చ రంగు కొట్టారు. ఫిర్యాదు చేస్తే, "పిల్లలు బెంచీ ఎక్కుతుంటే మీరు చూసుకోవద్దా?" అన్నారు. ఎక్కకుండా, దూకకుండా ఉంటే వాళ్లు పిల్లలెట్లా అవుతారు? పార్కు బెంచీని ఆ లెక్కతోనే కొనాలి.

కాళ్లను టైల్స్ మీద బోల్టులతో బిగించి వదిలేయొద్దు. అడుగున్నర గొయ్యి తీసి కంకర సిమెంటులో పాతాలి. ఇనుమైతే జింకు పూత ఉన్నదే తేవాలి, పైపుల నోళ్లు మూయాలి. వాన నీళ్లు లోపల నిలిస్తే తుప్పు అక్కడి నుంచే తింటుంది. సిమెంటు బెంచీలూ చూశాం. సలాకల మీద సిమెంటు పలచగా పోస్తే చెమ్మ తగిలి సలాక ఉబ్బుతుంది, పెచ్చులూడి మొన తేలుతుంది. పిల్లల పిక్కలకు గీసుకునేది అదే.

నన్నడిగితే రాతి బెంచీలే మేలు. కరీంనగర్ గ్రానైట్ కాకినాడ ఓడరేవు నుంచి చైనా దాకా పోతోంది, 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న మనకు అందదా? మందపాటి పలక తెచ్చి, అంచులు గుండ్రంగా అరగదీసి, వేప చెట్టో కానుగ చెట్టో ఉన్న చోట వేయాలి. మే నెలలో ఎండలో ఉన్న బెంచీ, రాయైనా ఇనుమైనా, సాయంత్రం ఐదింటికి కూడా కాలుతూనే ఉంటుంది. గౌన్లు వేసుకున్న ఆడపిల్లలు కూర్చుని దిగ్గున లేస్తున్నారు. ఎత్తు పెద్దవాళ్లకు అడుగున్నర సరిపోతుంది, చిన్నపిల్లలకు అడుగు ఎత్తు బెంచీలు ఒకటో రెండో ఉండాలి.

అసలు మన దగ్గర ఏ పనైనా రిబ్బన్ కత్తిరించే రోజు వరకే. ఆ తర్వాత ఊడిన బోల్టు బిగించే మనిషే ఉండడు. వీధి దీపాలూ అంతే, మోరీలూ అంతే, జారుడు బల్లలూ అంతే. మా ఊళ్లో రావిచెట్టు చుట్టూ మా తాతల నాడు కట్టిన గద్దె ఉంది. మేం దూకాం, మా పిల్లలు దూకారు, ఇప్పటికీ ఒక్క రాయి కదల్లేదు. అప్పుడు టెండర్లు లేవు, కట్టినవాళ్ల పిల్లలే దాని మీద ఆడుకున్నారు.

ఈసారి కాంట్రాక్టర్‌కు బిల్లు ఇచ్చే ముందు ఇంజినీరు గారు ఒక ఆదివారం సాయంత్రం పార్కుకు రావాలి. మేం పెద్దవాళ్లం నలుగురం ఒకే చివర కూర్చుంటాం. కాళ్లు కదలకపోతేనే ఆయన సంతకం పెట్టాలి.

కొత్తవి ఎప్పుడొచ్చినా సరే, ముందు మా పార్కులోని ఆ బెంచీని తీసేయించండి. పిల్లలు దాని దగ్గరికి పోకుండా రోజూ నాలుగున్నరకు నేనే వెళ్లి అక్కడ నిలబడుతున్నాను.

— ఒక నానమ్మ, హనుమకొండ