స్వాధీన నోటీసుపై ఫిర్యాదు: 27 రోజులుగా అద్దెదారుకు జవాబు లేదు

తేది: ఏప్రిల్ 2
బ్యాంకు గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

అయ్యా,

మార్చి 6న గేటు పక్కనున్న కరెంటు మీటరు బాక్సు మీద మీ అధీకృత అధికారి సంతకంతో స్వాధీన నోటీసు అంటించి వెళ్లారు. ఇంటి ఓనరు మీకు బాకీ పడ్డారు, తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకుని బాకీ రాబట్టుకోవడానికి బ్యాంకులకున్న సర్ఫేసీ చట్టం కింద వసూలు చేసుకోండి. దానికి నేను అడ్డు రావడం లేదు. ఆ ఇంట్లో అద్దెకు ఉన్నానని కాగితంతో సహా చెప్పబోతే మీవాళ్లు ఒక్కరూ వినకపోవడమే నా ఫిర్యాదు.

మార్చి 9న లీజు నకలు పట్టుకుని బ్రాంచికి వెళ్తే, "ఇది రికవరీ వాళ్ల పని, జోనల్ ఆఫీసుకు వెళ్లండి" అన్నారు. అక్కడ గంటన్నర కూర్చోబెట్టి, అధికారి సెలవులో ఉన్నారు, వచ్చే వారం రమ్మన్నారు. వెళ్తే మొదటి పేజీ తిప్పి చూసి, "ఓనర్‌ని రమ్మనండి, మీతో మాకు సంబంధం లేదు" అని కాగితాలు వెనక్కి తోశారు. కనీసం ముట్టినట్టు ముద్ర వేయమంటే బ్రాంచిలో వేస్తారన్నారు. బ్రాంచిలో అడిగితే జోనల్ ఆఫీసులోనే అన్నారు. కస్టమర్ కేర్‌కు నాలుగుసార్లు ఫోన్ చేశాను, లోన్ నంబరు లేనిదే ఫిర్యాదు తీసుకోలేం అన్నారు. అప్పు నాది కానప్పుడు ఆ నంబరు నా దగ్గర ఎలా ఉంటుంది? 11 ఏళ్లుగా నా జీతం పడేది మీ బ్రాంచిలోనే. ఆ బ్రాంచిలోనే ముట్టినట్టు ఒక ముద్రకు నోచుకోలేదు.

ఈలోగా మీ ఏజెంట్లు వచ్చి వారంలో ఖాళీ చేయమన్నారు. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయించాను. నా లీజు 2023 జూన్‌లో రిజిస్టరైంది, గడువు 2028 జూన్ దాకా ఉంది. మీ తనఖా 2024 జనవరిది. రెండూ ఒకే పేజీలో ఉన్నాయి. అప్పు ఇచ్చే ముందు మీ లాయరు చూసిన ఈసీలోనే నా లీజు కనిపించి ఉండాలి. తనఖాకు ముందే ఉన్న చెల్లుబాటయ్యే లీజు గడువు తీరకుండా అద్దెదారుని కదిలించకూడదని సుప్రీంకోర్టు 2014లో హర్షద్ గోవర్ధన్ సొండాగర్ కేసులో చెప్పింది. స్వాధీనానికి సాయం కోరుతూ ఆ చట్టంలోని సెక్షన్ 14 కింద మీరు మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లినా నా మాట వినాల్సిందే. బాకీ కట్టమని ఓనరుకు మీరిచ్చే 13(2) నోటీసు తర్వాత పుట్టిన లీజయితే సెక్షన్ 17(4ఏ) కింద నిలవదు, నాది అలాంటిది కాదు.

మీ చర్యను సవాలు చేస్తూ సెక్షన్ 17 కింద అప్పుల వసూలు ట్రిబ్యునల్ అయిన డీఆర్‌టీకి వెళ్లడానికి నాకున్నవి 45 రోజులు, ఏప్రిల్ 20తో సరి. అందులో 27 మీ ఆఫీసుల చుట్టూ తిరగడానికే పోయాయి. నా లీజును గుర్తిస్తారో లేదో, 13(2) నోటీసు ఏ తేదీన ఇచ్చారో ఏప్రిల్ 9లోగా రాతపూర్వకంగా చెప్పండి. ఏజెంట్లను పంపడం ఆపండి. జవాబు రాకపోతే 10న హైదరాబాద్ డీఆర్‌టీలో దరఖాస్తు వేస్తాను, మీ ఆఫీసులకు వచ్చిన ప్రతి తేదీ, ఎవరేమన్నారో అందులో రాస్తాను. ఈ లేఖ రిజిస్టర్డ్ పోస్టులో, రసీదుతో పంపుతున్నాను.

ఇట్లు,
అద్దెదారు