చిత్తూరు తాతకు దండాలు

నిన్న మధ్యాహ్నం నా థీసిస్ మీద వైవా, అదే నోటి పరీక్ష, అయిపోయింది. రాత్రంతా నిద్ర లేదు, కళ్లు మండుతున్నాయి. అయినా సాయం చేసినవాళ్లకు ఈ దండాలు ఇప్పుడే రాసేస్తున్నా. నాలుగు రోజులు పోతే మర్యాద మాటలే వస్తాయి.

నా పరిశోధన సుశీల్ కుమార్ షిండే గారి రాజకీయ జీవితం మీద. 2004 నవంబరు నుంచి 2006 జనవరి దాకా ఆయన మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గవర్నరు. రాజ్‌భవన్ దిగీ దిగగానే కేంద్రంలో విద్యుత్ మంత్రి, 2012 జూలై 31న హోం మంత్రి. గవర్నరుగా చేసినవాళ్లు మళ్లీ పార్టీ రాజకీయాల్లోకి రాకపోవడమే మంచిదని కేంద్ర-రాష్ట్ర సంబంధాల మీద వేసిన సర్కారియా కమిషన్ 1988లోనే చెప్పింది. ఎవరు విన్నారు? ఎస్.ఎం. కృష్ణ గారూ 2008లో మహారాష్ట్ర రాజ్‌భవన్ వదిలి, 2009లో విదేశాంగ మంత్రి అయ్యారు. ఢిల్లీ సంగతులు పుస్తకాల్లో దొరికాయి. మన జిల్లా జనం షిండే గారిని ఎట్లా చూశారో మాత్రం పాత పేపర్లలోనే వెతకాలి.

ఆ పేపర్ల కోసం ఒక కార్యాలయం చుట్టూ మూడుసార్లు తిరిగా. నాలుగోసారి పోతే, "ఆ కట్టలు ఎప్పుడో తూకానికి వేసేసినాం" అన్నారు. చెప్పినాయన తల కూడా ఎత్తలేదు. ఆ ముక్క మొదటిరోజే చెప్పుంటే నాకు నాలుగు నెలలు మిగిలేవి. ఫెలోషిప్పు ఎనిమిది నెలలు రాకపోయినా ఓర్చుకున్నా గానీ, ఆ రోజు ఓర్చుకోలేకపోయా. బయట మెట్ల మీద కూలబడి ఏడ్చేశా.

పింఛను కాగితం పనిమీద వచ్చిన ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాడు. "ఏమ్మా, ఎవురన్నా పోయినారా?" అన్నాడు. విషయం చెప్పా. షిండే పేరు వినగానే లేచి నిలబడ్డాడు. "మా ఇంటికి రామ్మా, ఉండాయి" అన్నాడు.

ఆయన చిత్తూరు కోర్టులో అమీనాగా, అంటే సమన్లు అందించే ఉద్యోగిగా, చేసి రిటైరైనాడట. షిండే గారు కూడా సోలాపూరు సెషన్స్ కోర్టులో అమీనా పనే చేశారు, ఆ తర్వాతే పోలీసు ఉద్యోగం, రాజకీయాలు. "మా మాదిరి సమన్లు పట్టుకోని ఇల్లిల్లూ తిరిగినోడు, మా వాడల్లో పుట్టినోడు, గవర్నరైనాడమ్మా. అందుకే కత్తిరించి పెట్టుకున్యా" అన్నాడు. ఇనుప పెట్టె తెరిస్తే కలరా ఉండల వాసన గుప్పుమంది. లోపల మూడు లావాటి నోటు పుస్తకాలు. మైదా గంజితో అతికించిన ముక్కలు, ప్రతి మూలన ఎర్రసిరాతో తేదీ, కోర్టు ఫైలులాగా తెల్లదారంతో కుట్టు.

మూడో పుస్తకం చివర 2014 ఫిబ్రవరి 18. హోం మంత్రిగా ఆయన తెచ్చిన విభజన బిల్లు లోక్‌సభలో పాసైన రోజు. మన దగ్గర ఆ ముందు నెలలన్నీ బందులు, ధర్నాలే గదా. "కోపం రాలేదా తాతా?" అన్నా. "వచ్చినాది. రెండు దినాలు అన్నం తినలా. అయినా రికార్డు రికార్డేనమ్మా, చించేస్తే ఎట్ల?" అన్నాడు.

అవ్వ రాగిసంగటి, ఊరిబిండి పెట్టింది. తిన్నాక ఆ మూడు పుస్తకాలూ పాత పంచెలో మూటగట్టి నా చేతిలో పెట్టేశాడు. రసీదు రాసిస్తానన్నా, ఫోన్ నంబరు తీసుకోమన్నా. "నువ్వు తెస్తావులే" అన్నాడు. పేరు తప్ప నా గురించి ఆయనకేం తెలుసు? తిరుపతి బస్సులో పూతలపట్టు దాటేదాకా ఆ మూట ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూనే ఉన్నా.

నిన్న వైవాలో పరీక్షకులు ఎక్కువసేపు ఆగింది ఆ ముక్కల దగ్గరే.

అమ్మకీ నాన్నకీ, పిల్లోడిని చూసుకున్న మా ఆయనకీ వేరే చెప్పక్కర్లేదు. మా గైడు గారికి నమస్కారాలు.

అయ్యో, జెరాక్స్ అన్నను మరిచా! ఆ పెళుసు కాగితాలు చిరక్కుండా ఒక్కో పేజీ చేత్తో పట్టుకుని తీశాడు, సగం డబ్బులే తీసుకున్నాడు. అచ్చుతప్పులు దిద్దిన హాస్టల్ అక్కకూ. ఆ రోజు చిల్లర లేదంటే ఏమీ అనకుండా టికెట్టిచ్చి, నీళ్ల సీసా కూడా ఇచ్చిన కండక్టరన్నకూ.

తాతా, మీ పుస్తకాలు భద్రంగా ఉన్నాయి. ఆదివారం తెస్తున్నా, నా థీసిస్ కాపీతో సహా.