పొగ కనపడని రోజుల సంగతి కూడా చూడాలి

సంపాదకుల వారికి నమస్కారం.

నగరాల్లో స్మాగ్, అంటే కాలుష్యంతో కమ్ముకునే పొగమబ్బు, గురించి మీ పత్రికలో వస్తున్న వార్తలు వరసగా చదువుతున్నాను. ప్రతిసారీ పక్కన ఒక ఫొటో ఉంటుంది. బూడిద రంగు ఆకాశం, పగలే లైట్లు వేసుకుని మెల్లగా పోతున్న కార్లు, ముక్కుకు గుడ్డ కట్టుకున్న మనుషులు. అదంతా నిజమే, కాదనను. కానీ మా అబ్బాయికి ఆస్తమా ఉంది. వాడికి ఏ రోజు ఇన్‌హేలర్ ఎక్కువసార్లు కావాల్సి వచ్చిందో మూడేళ్లుగా ఒక నోట్‌బుక్‌లో రాసిపెడుతున్నాం, ఆ నోట్‌బుక్ తిరగేస్తే అందులో సగం రోజులకు అలాంటి ఫొటో దొరకదు. గాలి కదలకుండా, ఎండ ఫెళ్లున కాసి, ఆకాశం శుభ్రంగా కనిపించిన రోజులవి. పొద్దున బడికి బాగానే వెళ్తాడు, మధ్యాహ్నం ఆటల పీరియడ్ అయ్యాక ఛాతీ పట్టేసిందంటూ వస్తాడు.

మేం చాలాకాలం దుమ్మనే అనుకున్నాం. నోట్‌బుక్ చూసిన డాక్టరుగారు, ఈ రోజుల్లో ఓజోన్ ఎంతుందో కూడా చూసుకోండి అన్నారు. నాకు అప్పటిదాకా ఓజోన్ అంటే ఎక్కడో పైన ఉండి మనల్ని కాపాడే పొర అనే తెలుసు. అదే వాయువు మనం పీల్చే ఎత్తులో ఉంటే ఊపిరితిత్తుల లోపలి పొరను మండిస్తుందని, సాగదీసిన రబ్బరు మీద కూడా పగుళ్లు తెస్తుందని తర్వాత చదివి తెలుసుకున్నాను. రబ్బరే ఆగలేనిది పదేళ్ల పిల్లాడి ఊపిరితిత్తులు ఎలా తట్టుకుంటాయి?

నియంత్రణ గురించి మాట్లాడే ముందు అందరూ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఈ ఓజోన్ ఏ గొట్టంలోంచీ నేరుగా బయటికి రాదు. ఇంజిన్లలో, బాయిలర్లలో ఇంధనం మండినప్పుడు వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు ఒకవైపు, పెట్రోలు, పెయింట్లు, థిన్నర్లు, ప్రింటింగ్ ఇంకుల నుంచి లేచే ఆవిర్లు ఇంకోవైపు, ఈ రెండూ ఎండలో గంటల తరబడి కలిసి ఉంటే అప్పుడు గాలిలో తయారవుతుంది. అందుకే పొద్దున ట్రాఫిక్‌లో వదిలింది మధ్యాహ్నానికి ముదురుతుంది, అందుకే చాలాసార్లు నగరం నడిబొడ్డు కంటే గాలి వీచే వైపున్న శివార్లలో, ఆ పక్క పొలాల్లో ఎక్కువగా ఉంటుంది. గోధుమ, సోయా లాంటి పంటల దిగుబడిని కూడా ఇది తగ్గిస్తుంది. కంటికి కనిపించే నల్లపొగ వెంటపడి కేసులు రాస్తే సరిపోదని నేను అంటున్నది అందుకే.

ఈ సంగతి తెలుసుకోవడానికి లాస్ ఏంజెలెస్ నగరానికి దాదాపు పదేళ్లు పట్టింది. 1943 జూలైలో అక్కడ కళ్లు మండించే మబ్బు కమ్మితే, యుద్ధకాలం కదా, శత్రువు విషవాయువు వదిలాడని కొందరు భయపడ్డారు. తర్వాత కృత్రిమ రబ్బరుకు ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ మీద అనుమానం పడింది, దాన్ని మూయించినా మబ్బు పోలేదు. చివరికి 1950ల మొదట్లో అనాసపండు వాసన మీద పరిశోధన చేసే హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త అసలు విషయం తేల్చాడు. ఆ మబ్బు కార్ల నుంచి, చమురు శుద్ధి కర్మాగారాల నుంచి వస్తున్న ఆవిర్లు ఎండలో మారి పుట్టిందన్నమాట. వెంటనే ఒప్పుకోలేదు చాలామంది. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు, తర్వాత కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డుకు మొదటి అధ్యక్షుడు కూడా ఆయనే అయ్యాడు. తెలుసుకోవడానికి వాళ్లకు పట్టిన కాలం మనందరికీ మిగిలినట్టే, తెలిసి కూడా ఊరుకుంటే మాత్రం క్షమించరాని సంగతి.

కఠినమైన నియమం పెడితే పరిశ్రమలు మూతపడతాయని, సామాన్యుడి మీద భారం పడుతుందని ఎప్పుడూ వినిపించే మాట ఉంది. 1970లో అమెరికా స్వచ్ఛ వాయు చట్టం తెచ్చి, కార్ల నుంచి వచ్చే హైడ్రోకార్బన్లు (పెట్రోలు ఆవిర్ల లాంటివి), కార్బన్ మోనాక్సైడ్‌ను 1975 మోడళ్ల నాటికి 90 శాతం తగ్గించాలని రాసినప్పుడు కార్ల కంపెనీలు కూడా అది అసాధ్యమనే చెప్పాయి. చట్టం రాసేనాటికి ఆ టెక్నాలజీ చేతిలో సిద్ధంగా లేదు. గడువులు కొంత వాయిదా పడిన మాట నిజం, కానీ 1975 మోడళ్లతోనే, ఇంజిన్ పొగలోని విషవాయువులను హాని తక్కువ వాయువులుగా మార్చే కేటలిటిక్ కన్వర్టర్లు రోడ్డు మీదికి వచ్చాయి. సీసం తగిలితే కన్వర్టర్ పాడైపోతుంది కాబట్టి సీసం లేని పెట్రోలు అమ్మక తప్పలేదు, దాంతో పిల్లల రక్తంలో సీసం తగ్గింది, ఇది ఎంత పెద్ద మేలో మాటల్లో చెప్పలేను. ఇప్పుడక్కడ కొత్త కార్లు 1960ల కార్లతో పోలిస్తే చాలా రకాల కాలుష్యాన్ని 98, 99 శాతం తక్కువగా వదులుతున్నాయి. నియమం ముందు వచ్చింది, యంత్రం తర్వాత వచ్చింది. యంత్రం వచ్చాక నియమం పెడదాం అని కూర్చుని ఉంటే ఆ యంత్రం వచ్చేది కాదని నా నమ్మకం.

ఖర్చు గురించి అదే దేశపు సుప్రీంకోర్టు 2001లో చెప్పిన మాట నాకు చాలా నచ్చింది. గాలిలో కాలుష్యం ఎంతవరకు ఉంటే మనిషికి హాని లేదో తేల్చేటప్పుడు ఆరోగ్యమే చూడాలి, ఖర్చు చూడకూడదు అని తీర్పు ఇచ్చింది. ఆ హద్దును అందుకునే దారుల్లో ఏది చవక అని ఎంచుకోవడం తర్వాతి పని. ఈ రెండింటినీ కలిపేసి, ఖర్చవుతుందని హద్దునే పైకి జరిపితే, ఆ అంకె మనకు ఏం చెప్తున్నట్టు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఓజోన్ 8 గంటల సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు.

ఇక ఆవిర్ల సంగతి. ఎండలో పెట్రోలు బంకులో నిలబడి, ట్యాంకు మూత తీసి నాజిల్ పెట్టినప్పుడు ఒకసారి నేల వైపు చూడండి. బండి నీడ పక్కనే ఇంకో పల్చటి నీడ వణుకుతూ పాకుతుంటుంది. పొగ లేదు, మంట లేదు, అయినా నీడ పడుతోంది. పెట్రోలు లోపలికి దిగుతుంటే అంతవరకూ ట్యాంకులో నిండి ఉన్న ఆవిరి బయటికి తోసుకొస్తుంది, ఆ నీడ దానిదే. ఆ ఆవిరిని వెనక్కి లాగే నాజిళ్లు కాలిఫోర్నియాలో 1970ల నుంచే వాడుతున్నారు. పెయింట్లలో సాల్వెంట్ ఇంత మించకూడదనే హద్దులు కూడా చాలా దేశాల్లో ఉన్నాయి. ఇవేవీ కొత్తగా కనిపెట్టాల్సినవి కావు.

రెండు రకాల వాయువులనూ ఒకేసారి తగ్గించాలని గట్టిగా అనడానికి కారణం ఉంది. 2020 లాక్‌డౌన్లలో రోడ్లు ఖాళీ అయ్యి నైట్రోజన్ ఆక్సైడ్లు బాగా తగ్గినా, చాలా నగరాల నడిమధ్య ఓజోన్ పెరిగింది. బండ్ల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లలో ఒకటైన నైట్రిక్ ఆక్సైడ్ అక్కడికక్కడ కొంత ఓజోన్‌ను తినేస్తుంది, అది లేకపోయేసరికి ఓజోన్ మిగిలిపోయింది. అంటే బండ్లు పొగ వదిలినా పర్వాలేదని దీని అర్థం కాదు, దయచేసి అలా చదవకండి. ఆవిర్లను వదిలేసి ఒక్క నైట్రోజన్ ఆక్సైడ్లనే కొంచెం కొంచెం తగ్గిస్తే ఫలితం రాదని దీని అర్థం. వారానికి ఒకరోజు బండి తీయొద్దనే పద్ధతులతో ఇంకో చిక్కు ఉంది. మెక్సికో నగరంలో 1989లో అలా పెడితే, కొందరు రెండో బండి, అదీ పాత బండి, కొనుక్కున్నారు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది తనిఖీ. పోయినసారి నా బండికి పొల్యూషన్ టెస్ట్ చేయిద్దామని వెళ్తే ఇంజిన్ స్టార్ట్ చేయమని కూడా అడగలేదు. నంబర్ ప్లేట్ ఫొటో తీసుకుని నాలుగు నిమిషాల్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టారు, అందులో రీడింగులు దశాంశాలతో సహా ఉన్నాయి. నేను కూడా నోరెత్తకుండా తెచ్చుకున్నాను, అది నా తప్పే. ఆ రాత్రి మా వాడు దగ్గుతుంటే నిద్ర పట్టలేదు. మర్నాడు వేరే చోటికి వెళ్లి సైలెన్సర్‌లో గొట్టం పెట్టించి సరిగ్గా చేయిస్తే లిమిట్ దాటింది, రిపేరుకు ఇచ్చాను. అది చూపించకపోతే ఇంకో ఏడాది ఆ బండి అలాగే తిరిగేది. పైగా బండి నిలబెట్టి చేసే ఈ మామూలు టెస్టులో నైట్రోజన్ ఆక్సైడ్లు కొలవనే కొలవరు.

పెద్ద కంపెనీల దగ్గరా అంతే జరిగింది కదా. 2015లో ఫోక్స్‌వ్యాగన్ 1 కోటి 10 లక్షల డీజిల్ కార్లలో, టెస్టు జరుగుతోందని పసిగట్టి అప్పుడు మాత్రమే శుభ్రంగా నడిచే సాఫ్ట్‌వేర్ పెట్టినట్టు బయటపడింది. అమెరికాలో రోడ్డు మీద అవి హద్దుకు 40 రెట్ల వరకూ నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలాయి. పరికరాన్ని కారుకే బిగించి రోడ్డు మీద నడుపుతూ కొలిచినప్పుడే తేడా ఉందని తెలిసింది, యూరప్‌లో 2017 నుంచి కొత్త మోడళ్లకు అలాంటి రోడ్డు టెస్టు తప్పనిసరి చేశారు. కాగితం మీద హద్దు ఎంత కఠినంగా రాసినా, కొలిచే మనిషి నిజంగా కొలవకపోతే అది మా పిల్లాడి ఊపిరితిత్తుల దాకా చేరదు.

ప్రభుత్వాలను నేను అడిగేది ఎక్కువేం లేదు. బండి రోడ్డు మీద ఏం వదులుతోందో కొలవండి, బంకుల్లో, పెయింట్లలో ఆవిర్లను కూడా లెక్కలోకి తీసుకోండి, స్మాగ్ కమ్మాక బడులకు సెలవు ఇవ్వడం నియంత్రణ కింద చూపించకండి.

మీకూ ఒక మనవి, ఎడిటర్ గారూ. వాతావరణం పేజీలో నిన్నటి గరిష్ఠ ఉష్ణోగ్రత వేస్తారు కదా, దాని పక్కనే నిన్న మధ్యాహ్నం ఓజోన్ ఎంతకు చేరిందో కూడా రోజూ వేయండి. ఇప్పుడు ఆ అంకె కోసం నేను రోజూ వెబ్‌సైట్లు వెతికి నోట్‌బుక్‌లో ఎక్కిస్తున్నాను. ఆస్తమా ఉన్న పిల్లల తల్లిదండ్రులు అందరికీ అంత తీరిక ఉండదు.

ఇట్లు,
మీ పాఠకుడు