విషయం: మా చిలక గురించి కాదు, మీరు ఫోన్ ఎత్తకపోవడం గురించి

కస్టమర్ సేవల అధిపతి గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం మీ బల్ల దాకా వస్తుందన్న నమ్మకం నాకైతే లేదు. మీ సంస్థలో "పై అధికారితో మాట్లాడి చెబుతాం" అన్న మాట విని విని విసుగెత్తింది గాని, ఆ పై అధికారి గొంతు మాత్రం ఇంతవరకూ వినలేదు. అయినా రాస్తున్నాను. ఒకవేళ దీన్ని చదువుతున్నది మీ చాట్‌బాటే అయితే ముందే మనవి చేసుకుంటున్నాను: నాది కుక్క కాదు.

తగవంతా అక్కడే మొదలైంది. ఇంటిల్లిపాదీ ఊరు వెళ్ళాల్సి వచ్చి మా చిలకను మీ పెంపుడు జంతువుల బోర్డింగ్ కేంద్రానికి అప్పగించాం. ఆఫ్రికన్ గ్రే జాతి, పేరు మాస్టారు. మీ యాప్ మొదటి పేజీలో "పక్షులకు ప్రత్యేక సంరక్షణ" అని రంగురంగుల అక్షరాలు. తీరా బుకింగ్‌లోకి వెళ్తే ఎంచుకోవడానికి కుక్క, పిల్లి తప్ప ఇంకేమీ లేవు. ఫోన్ చేస్తే మీ అమ్మాయి "చిన్న కుక్క అని పెట్టేయండి మేడమ్, లోపల మేం మార్చేసుకుంటాం" అంది. లోపల ఎవరూ ఏమీ మార్చలేదు. మీ రికార్డుల్లో మాస్టారు నేటికీ చిన్న కుక్కే. రెండు పూటలా షికారు తిప్పామని నాకు మెసేజీలు కూడా వచ్చాయి. చిలకకు మెడపట్టీ వేసి ఎక్కడెక్కడ తిప్పుకొచ్చారో మీకే తెలియాలి.

అప్పగించేటప్పుడు ఒక కాగితం ఇచ్చాను. వంటింటి పొగ తగలనివ్వొద్దు. అవకాడో, చాక్లెట్ దరిదాపులకు రానివ్వొద్దు, రెండూ చిలకకు విషం. రాత్రి 10 నుంచి 12 గంటలు చీకట్లో నిద్రపోనివ్వాలి. పొద్దున్నే తూకం వేసి రాసిపెట్టాలి. అంతే, గ్రంథమేమీ కాదు. మీ కేంద్రంలోని అబ్బాయి "చదివాను" అని సంతకం కూడా పెట్టాడు. ఆ సంతకం నా దగ్గర భద్రంగా ఉంది, ముందు ముందు పనికొస్తుంది.

రోజూ ఫొటో పంపుతామన్నారు. మొదట్లో "ఈరోజు మీ బుజ్జిగాడు ఫుల్ ఖుషీ!" అన్న మాటలే తప్ప ఫొటో లేదు. గట్టిగా అడిగితే ఒకటి వచ్చింది. అందులో ఉన్నది కాకటీల్ అనే వేరే జాతి చిలక. తల మీద కుచ్చు, బుగ్గల మీద నారింజ చుక్కలు. మాస్టారికి కుచ్చూ లేదు, చుక్కలూ లేవు, ఎర్రటి తోక ఉంది. ఆ మాటే చెబితే "రెండూ బూడిద రంగేగా మేడమ్" అన్నాడు మీ ఏజెంటు. ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త దగ్గర అలెక్స్ అని ఇదే జాతి చిలక ఒకటి ఉండేది, 2007లో పోయింది. రెండు వస్తువులు ముందు పెట్టి వీటికి తేడా ఏమిటని అడిగితే రంగో ఆకారమో చెప్పేది. బతికుంటే మీ దగ్గర ఉద్యోగానికి సిఫార్సు చేసేదాన్ని.

మీకు నవ్వులాట కావచ్చు గాని నా భయం నాది. అడవి జీవాల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది, 2017 నుంచి ఆఫ్రికన్ గ్రే దాని మొదటి అనుబంధంలో ఉంది. అడవిలో పట్టిన వాటితో దేశాల మధ్య వ్యాపారం చేయడానికి వీల్లేదు. అలాంటి పక్షి మారిపోయిందంటే మళ్ళీ దొరుకుతుందా? దాని కాలికి నంబరున్న రింగు ఉంటుంది, అది కనపడేలా ఒక్క ఫొటో తీయమని బతిమాలాను. "ఉంగరాలు, విలువైన ఆభరణాలకు సంస్థ బాధ్యత వహించదు" అని జవాబు వచ్చింది. పోనీ, ఆ కాకటీల్ ఎవరిది, రెండూ ఒకే గదిలో ఉంటున్నాయా అని అడిగితే "తోడుగా ఉంటుందిలెండి" అన్నారు. సిటకోసిస్ అని ఒక జబ్బుంది. ఎండిన రెట్ట ధూళిగా లేచి పక్షి నుంచి పక్షికే కాదు, గది ఊడ్చే మనిషి ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. పరీక్ష చేయించని కొత్త పక్షిని పక్కన పెట్టకూడదని పక్షుల్ని పెంచే ఎవరినడిగినా చెబుతారు. మాస్టారి మీద జాలి లేకపోతే పోయింది, మీ కుర్రాళ్ళ మీదైనా ఉండొద్దా?

ఆ తరవాత నిజంగానే మాస్టారి ఫొటో వచ్చింది. చూడగానే కాళ్ళూ చేతులూ ఆడలేదు. పంజరం వంటింట్లో ఉంది. పక్కనే పొయ్యి, దాని మీద నాన్‌స్టిక్ పెనం. ఆ పూత అతిగా వేడెక్కితే వచ్చే ఆవిరి మన కంటికి కనపడదు, పక్షికి మాత్రం నిమిషాల మీద ప్రాణం తీస్తుంది. నేనిచ్చిన కాగితంలో మొదటి వాక్యం ఇదే.

వెంటనే ఫోన్ చేశాను. కుక్కలకైతే ఒకటి నొక్కండి, పిల్లులకైతే రెండు నొక్కండి. ఒకటి నొక్కాను. హోల్డ్‌లో చాలాసేపు వేణువు. తరవాత ఒకబ్బాయి వచ్చి బుకింగ్ నంబరు, ఫోన్ నంబరు, ఓటీపీ అన్నీ తీసుకుని పెట్ పేరు అడిగాడు. మాస్టారు అన్నాను. "మాస్టారు గారిని లైన్లోకి ఇవ్వండి మేడమ్, అకౌంట్ వారి పేరు మీద ఉంది, వారు ఒప్పుకుంటేనే వివరాలు చెప్పగలం" అన్నాడు. చిలక బాబూ అది, మీ దగ్గరే ఉంది, మీరే అడగండి అన్నాను. మళ్ళీ వేణువు.

ఈసారి బోర్డింగ్ విభాగం. పంజరం వంటింట్లోంచి బయటికి జరిపించు తల్లీ, ఒక్క నిమిషం పని అన్నాను. అప్పుడు ఆ అమ్మాయి అన్న మాట నేను చచ్చేదాకా మరచిపోను. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్. అంటే వంట వాసన పడట్లేదు, అంతేగా? పంజరం దగ్గర ఎయిర్ ఫ్రెషనర్ కొట్టమని నోట్ పెట్టేస్తాను." అయ్యో వద్దు, ఆ స్ప్రే కూడా దాని ఊపిరికి ప్రమాదమే, నోట్ తీసెయ్ అని అరిచాను. "పెట్టిన నోట్ తీసే అధికారం మాకు లేదు మేడమ్. దానికి వేరే రిక్వెస్ట్ పెట్టుకోవాలి." సరే, పెట్టు. "మీ పెట్ రేబిస్ టీకా సర్టిఫికెట్ అప్‌లోడ్ కాలేదండి, అది లేకుండా కొత్త రిక్వెస్ట్ తీసుకోదు." రేబిస్ పాలిచ్చి పెంచే జంతువులకొచ్చే జబ్బు, చిలకకు ఆ టీకా ఎవరూ వేయరు అన్నాను. "ఏదో ఒకటి అప్‌లోడ్ చేసేయండి మేడమ్, సిస్టమ్ చూడదు."

సిస్టమ్ చూడదు. ఆ ఒక్క ముక్క మాత్రం నిజం చెప్పింది.

అక్కడి నుంచి ఎస్కలేషన్ డెస్క్. 48 గంటల్లో పిలుస్తామన్నారు. ఎవరూ పిలవలేదు గాని "మీ సమస్య పరిష్కరించబడింది, మాకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అని మెసేజ్ వచ్చింది. ఒకటి నొక్కాను. అప్పుడు చూడాలి మీ వేగం! నొక్కిన వేలు తీయకముందే ఫోన్ మోగింది. పంజరం గురించి కాదు, రేటింగ్ మార్చమని. మధ్యలో ఒకమ్మాయి "మాస్టారు గారికి త్వరగా నయం కావాలని కోరుకుంటున్నాం" అంది. ఎవరో పెద్దాయన ఆసుపత్రిలో ఉన్నారనుకుంది పాపం. ఆ పిల్లను ఏమీ అనకండి. మీ సంస్థ మొత్తంలో నాతో మనిషిలా మాట్లాడింది తనొక్కతే.

చివరికి పంజరం జరిగింది మీవల్ల కాదు. మా మరిది స్నేహితుడొకతను ఆ దగ్గర్లో ఉంటాడు. అతను వెళ్ళి, గేటు దగ్గర గొడవపడి లోపలికి దూరి, తనే మోసుకెళ్ళి వేరే గదిలో పెట్టాడు. మీ వాచ్‌మన్ రిజిస్టరులో అతన్ని "చిన్న కుక్క తాలూకు" అని రాసుకున్నాడట.

తిరిగొచ్చాక సంగతి కొద్దిగానే చెబుతాను, డాక్టరు రాసిచ్చినదంతా దీనికి జతచేశాను. వెళ్ళేటప్పుడు మాస్టారు 470 గ్రాములు, వచ్చేటప్పుడు 415. "55 గ్రాములేగా మేడమ్" అన్నారు. 70 కిలోల మనిషి 8 కిలోలు తగ్గిపోయి వస్తే మీ ఇంట్లో ఏమనుకుంటారో అదే అనుకోండి. గిన్నె ఎప్పుడూ నిండుగానే ఉండేదట. ఉంటుంది మరి, చిలక గింజ ఒలుచుకుని తిని పొట్టు అందులోనే వదిలేస్తుంది. మీవాళ్ళు చూసి మురిసిపోయింది ఆ పొట్టును. రోజూ తూకం వేయమని నేనిచ్చిన చిన్న కాటా, నేను అంటించిన టేపు కూడా విప్పకుండా వెనక్కి వచ్చింది. ఛాతీ మీద ఈకలు పీక్కుంది. ఇవన్నీ డాక్టరు చూసుకుంటున్నారు, నెమ్మదిగా కోలుకుంటోంది.

కానీ మాస్టారు మీ దగ్గర ఒక కొత్త పాఠం నేర్చుకొచ్చాడు, అది మీరు వినాలి. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు హాల్లో ఫోన్ మోగింది. వెళ్ళి చూస్తే ఫోన్ మోగట్లేదు, మోగుతున్నది మాస్టారు. అది మా ఫోన్ మోత కూడా కాదు, మీ కేంద్రంలోది, నేను అక్కడ నిలబడ్డప్పుడు విన్నదే. మోగుతుంది, మోగుతుంది, ఆగుతుంది. మళ్ళీ మోగుతుంది. ఆ తరవాత మీ అబ్బాయి గొంతుతో, అదే యాసతో, తాపీగా: "వదిలెయ్ రా, వాళ్ళే పెట్టేస్తారు."

మాస్టారి సంగతి నాకు తెలుసు. ఏదో ఒకసారి చెవిన పడ్డ మాటను వాడు పట్టుకోడు. మళ్ళీ మళ్ళీ వింటేనే వస్తుంది. కాబట్టి ఆ ఫోన్ ఎన్నిసార్లు మోగిందో, ఆ మాట ఎన్నిసార్లు అన్నారో నేను లెక్క చెప్పనక్కర్లేదు. అవతల మోగించింది నేనే కావచ్చు, నాలాంటి వాళ్ళు ఇంకెందరో కావచ్చు. "మా వైపు నుంచి ప్రతి కాల్‌కూ స్పందించాం" అని మీరు రాసిన ఈమెయిల్ పక్కన పెట్టి వినిపించడానికి ఇదంతా వీడియో తీసి పెట్టాను.

మీ దగ్గరికి నేను నిన్నా మొన్నా వచ్చినదాన్ని కాను. మీరు ఒక్క గదిలో, ఒక్క మనిషితో నడుపుతున్న రోజుల నుంచి మా కుక్కను మీ దగ్గరే వదిలేదాన్ని. అప్పుడు ఫోన్ చేస్తే మీ యజమానే ఎత్తి, "అన్నం తిన్నది, ఇప్పుడే పడుకుంది" అని చెప్పేవారు. అది పోయినప్పుడు ఒక ఉత్తరం రాశారు, ఇప్పటికీ దాచుకున్నాను. మా తోడికోడలిని, ఆఫీసులో సగం మందిని మీ దగ్గరికి పంపింది నేనే. యాప్ లేనప్పుడు మీకు చెవులుండేవి. ఆఫ్రికన్ గ్రే బాగా చూసుకుంటే 40 ఏళ్ళు, ఆ పైన కూడా బతుకుతుంది. అన్నేళ్ళూ మేం ఊరెళ్ళిన ప్రతిసారీ మీ దగ్గరికే వచ్చేవాళ్ళం. ఆ లెక్క మీ సిస్టమ్‌కు అర్థమవుతుందేమో అడిగి చూడండి.

డబ్బు వెనక్కి ఇస్తారా, ఇవ్వండి, వద్దనను. డాక్టరు బిల్లు కూడా కట్టాలి, అది వేరే చెప్పాలా? కానీ అంతకంటే ముందు మీలో పేరున్న మనిషి ఒకరు ఈ ఉత్తరం మొత్తం చదివి, చదివానని తన పేరుతో నాకు రాయాలి. "ప్రియమైన కస్టమర్" అని మొదలుపెడితే దాన్ని నేను జవాబుగా లెక్కవేయను. ఈ నెలాఖరులోగా రాకపోతే సంతకం పెట్టిన కాగితం, వంటింటి ఫొటో, వీడియో పట్టుకుని వినియోగదారుల కోర్టుకు వెళ్తాను. మా పక్షుల పెంపకందార్ల సంఘంలో అందరికీ ఆ వీడియో చూపిస్తాను. జడ్జిగారు ఒప్పుకుంటే మాస్టారినే సాక్షిగా తీసుకెళ్తాను, మీరు చెప్పిన అబద్ధాలు మీ గొంతులోనే వింటారు.

ఇట్లు,
బుకింగ్ నంబరు జతచేసిన కాగితంలో ఉంది, పేరు మీ సిస్టమ్‌లో చూసుకోండి.

తా.క. రాత్రిపూట పంజరం మీద కప్పే నల్లగుడ్డ మీ దగ్గరే ఉండిపోయింది. అది లేక మాస్టారు సరిగా పడుకోవట్లేదు. కోర్టు సంగతి తరవాత చూసుకుందాం, ముందు ఆ గుడ్డ కొరియర్‌లో పంపండి.