ఎస్‌జే-100 ఒప్పందానికి ముందు తేలాల్సినవి: కేంద్ర విమానయాన మంత్రికి బెంగళూరు నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులు కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి
శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారాలు.

విషయం: రష్యా ఎస్‌జే-100 ప్రయాణికుల విమానాన్ని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్ఏఎల్) ద్వారా ఇక్కడ తయారు చేసే ప్రతిపాదన.

2025 అక్టోబరు 27న మాస్కోలో హెచ్ఏఎల్, రష్యా యునైటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్పొరేషన్ (యూఏసీ) అవగాహన పత్రం మీద సంతకాలు చేశాయి. కాన్పూర్‌లో 1961లో మొదలై 1988లో ఆగిపోయిన ఆవ్రో హెచ్ఎస్-748 తర్వాత మన దేశంలో పూర్తిగా తయారయ్యే ప్రయాణికుల విమానం ఇదే అవుతుందని హెచ్ఏఎల్ ప్రకటించింది. 19 సీట్ల డోర్నియర్‌ను పక్కన పెడితే ఆ మాట నిజమే. మన గడ్డ మీద మళ్ళీ ఒక ప్రయాణికుల విమానం తయారవ్వాలన్న కోరిక బెంగళూరులో ఈ రంగంలో ఉన్న తెలుగువాళ్ళలో ఎవరికీ తక్కువ కాదు. అయినా ఈ ప్రతిపాదన ఇప్పుడున్న రూపంలో ఉత్పత్తి ఒప్పందం దాకా వెళ్ళకూడదని మా గట్టి అభిప్రాయం.

హెచ్ఏఎల్ రక్షణ శాఖ కింద ఉంది, మీ కింద లేదు. మరి మీకెందుకు రాస్తున్నామంటే, విమాన భద్రతను చూసే డీజీసీఏ టైప్ సర్టిఫికెట్‌ను (ఆ రకం విమానం ఎగరడానికి యోగ్యమని ఇచ్చే పత్రాన్ని) ఆమోదించకుండా ఈ విమానం ఒక్క టికెట్టు కొన్న ప్రయాణికుణ్ణి కూడా ఎక్కించుకోలేదు. డీజీసీఏ మీ శాఖది. అసలు తాళం మీ దగ్గరే ఉంది.

ముందు ఈ విమానం ఏమిటో సరిగ్గా చెప్పుకోవాలి. 2008లో తొలిసారి ఎగిరి 2011లో సర్వీసులోకి వచ్చిన సూపర్‌జెట్-100 వేరు, ఇప్పుడు మనకు చూపిస్తున్న ఎస్‌జే-100 వేరు. పాతదానికి ఎస్‌ఏఎం146 ఇంజన్. దాని గుండె భాగం, అంటే అధిక పీడన కంప్రెసర్, దహన గది, అధిక పీడన టర్బైన్, ఫ్రెంచి సఫ్రాన్‌వి. ముందున్న ఫ్యాన్, వెనకున్న అల్ప పీడన టర్బైన్ రష్యా శాటర్న్‌వి. ఏవియానిక్స్ (కాక్‌పిట్ ఎలక్ట్రానిక్స్), ల్యాండింగ్ గేర్, ఏపీయూ (తోకలో ఉండే చిన్న సహాయక ఇంజన్) లాంటివి చాలావరకు పాశ్చాత్య కంపెనీల సరుకే. 2022లో ఆంక్షలు రావడంతో ఆ సరఫరా ఆగింది. దాంతో రష్యా ఇంజన్‌తో పాటు సుమారు 40 వ్యవస్థలను సొంతవాటితో మార్చింది. పీడీ-8 అనే కొత్త ఇంజన్‌తో విమానం 2025లోనే గాల్లోకి లేచింది. రెక్కలు, బాడీ పాతవే అయినా ఇంజన్, కంప్యూటర్లు, హైడ్రాలిక్స్ కొత్తవైనప్పుడు దాన్ని కొత్త విమానంగానే లెక్కించాలి. 200కు పైగా విమానాలు తయారయ్యాయి, 16 సంస్థలు నడుపుతున్నాయి అన్న లెక్క ప్రధానంగా ఫ్రెంచి గుండె ఉన్న పాత విమానం చరిత్ర. దాన్ని కొత్తదాని అర్హతగా చూపడం సరికాదు.

ఆ పాత చరిత్ర కూడా గొప్పగా లేదు. మెక్సికోలో ఇంటర్‌జెట్ 22 సూపర్‌జెట్‌లు తీసుకుంది. విమానం బాగానే ఎగిరింది, ధర కూడా తక్కువే. దెబ్బ తగిలింది విడిభాగాల దగ్గర. ఇంజన్ దహన గదుల్లో పగుళ్ళు అనుకున్నదాని కంటే ముందే వచ్చాయి. ఓవర్‌హాల్‌కు వెళ్ళిన ఇంజన్ నెలల తరబడి తిరిగి రాలేదు, బదులు పెట్టడానికి స్పేర్ ఇంజన్లు లేవు. చివరికి కొన్ని విమానాల భాగాలు విప్పి మిగతావాటికి బిగించారు. ఐర్లండ్‌లో సిటీజెట్ కూడా ఇవే ఇబ్బందులతో వీటిని వదిలించుకుంది. అప్పటికి ఆంక్షలు లేవు, సఫ్రాన్ తోడుంది. అయినా ఇదీ పరిస్థితి.

స్పేర్ ఇంజన్ల లెక్క ఒకసారి వేసి చూడండి. 20 విమానాలంటే రెక్కల కింద 40 ఇంజన్లు. ఒక్కో విమానం రోజుకు 8 గంటలు ఎగిరితే ఏడాదికి సుమారు 2,900 గంటలు. ఏళ్ళ వాడకంలో కుదురుకున్న ఇంజన్‌ను 10,000 గంటలకు ఒకసారి విప్పాల్సి వస్తుందనీ, మరమ్మతు షాపులో 120 రోజులు పడుతుందనీ అనుకుందాం. ఏ రోజు చూసినా సుమారు 4 ఇంజన్లు షాపులో ఉంటాయి. 4 స్పేర్లు కొనుక్కుంటే సరిపోతుంది. అదే కొత్త ఇంజన్ మొదటి ఏళ్ళలో 3,000 గంటలకే విప్పాల్సి వస్తే? షాపులో ఎప్పుడూ 13 ఇంజన్లు ఉంటాయి. 4 స్పేర్లు పోగా ఇంకా 9 కావాలి. అంటే నాలుగైదు విమానాలు, మొత్తంలో దాదాపు పావు వంతు, ఇంజన్ లేకుండా నేల మీదే నిలబడతాయి. వాటి మీద వడ్డీ, బీమా, పార్కింగ్ ఖర్చు మాత్రం ఆగవు.

ఇది రష్యాకే అంటగట్టే విషయం కాదు. ప్రాట్ అండ్ విట్నీ జీటీఎఫ్ ఇంజన్ల టర్బైన్ డిస్కుల లోహపు పొడిలో మలినాలున్నాయని 2023లో బయటపడింది. ఇండిగో విమానాలు ఒక దశలో 70కి పైగా ఆగిపోయాయి. అంతకు ముందే ఆ సంవత్సరం మే నెలలో గో ఫస్ట్ మూతపడుతూ ఇదే కంపెనీ ఇంజన్లను కారణంగా చూపింది. వందేళ్ళ అనుభవం, ప్రపంచమంతా షాపులు ఉన్న కంపెనీకే అలా జరిగితే, ఏ ఎయిర్‌లైన్ సేవలోనూ ఏళ్ళ తరబడి నలగని పీడీ-8 గురించి ఎంత జాగ్రత్త కావాలి?

ఇక సర్టిఫికెట్, అప్పు, ఆంక్షలు. ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడినవే. ఐరోపా భద్రతా సంస్థ ఈఏఎస్ఏ 2022 మార్చిలో సూపర్‌జెట్ టైప్ సర్టిఫికెట్‌ను నిలిపేసింది. మన ఎయిర్‌లైన్లు విమానాలు ఆర్డరు చేసినా, ఎక్కువగా లీజు మీదే నడుపుతాయి. లీజు కంపెనీలు చాలావరకు ఐర్లండ్‌లో ఉన్నాయి. రేపు ఎయిర్‌లైన్ మూతపడితే ఆ విమానాన్ని తీసుకెళ్ళి ఇంకొకరికి ఇవ్వగలమా అన్నదే వాళ్ళు మొదట చూస్తారు. 2022లో వందల విమానాలు రష్యాలో ఇరుక్కుపోయి, లండన్ కోర్టుల్లో బీమా కంపెనీలతో వందల కోట్ల డాలర్ల వ్యాజ్యాలు నడిపారు వాళ్ళు. లీజుదారుల నమ్మకం కోసమే కదా మీరు 2025లో విమాన ఆస్తుల హక్కుల రక్షణ చట్టం తెచ్చారు. అది మంచి చట్టం. ఐరోపాలో సర్టిఫికెట్ లేని ఎస్‌జే-100ను మాత్రం ఆ చట్టం కూడా లీజు మార్కెట్లో నిలబెట్టలేదు. అప్పుడు డబ్బు పెట్టాల్సింది మన ప్రభుత్వ బ్యాంకులే.

యూఏసీ మీదా, దాని మాతృసంస్థ రోస్టెక్ మీదా అమెరికా 2022 జూన్‌లో ఆంక్షలు పెట్టింది. హెచ్ఏఎల్ తేజస్ ఎంకే1ఏ యుద్ధ విమానాలకు 2021లో జీఈ నుంచి 99 ఎఫ్404 ఇంజన్లు ఆర్డరు చేసింది. అవి ఆలస్యమై ఎంత ఇబ్బంది పడ్డామో మీకు తెలుసు. ఒకే కంపెనీ ఒక చేత్తో అమెరికా ఇంజన్ తీసుకుంటూ, రెండో చేత్తో ఆంక్షలున్న సంస్థతో ఉత్పత్తి ఒప్పందం చేసుకుంటే ఆ భారం తేజస్ మీద పడే ప్రమాదం ఉంది. ఇంజన్‌ను ఆయుధంగా వాడటం ఎలా ఉంటుందో చైనా చవిచూసింది. 2025 మే చివర్లో అమెరికా, చైనా సొంత ప్రయాణికుల విమానం సీ919కు వెళ్ళే ఇంజన్ల ఎగుమతి లైసెన్సులు ఆపేసి, జులైలో మళ్ళీ ఇచ్చింది. చైనాకు బేరమాడటానికి అరుదైన ఖనిజాలున్నాయి. మనకేమున్నాయి?

రష్యా మనకు మిత్రదేశం, కష్టకాలంలో ఆదుకుంటుంది అని కొందరు అంటారు. గగనతలం విషయంలో ఆ మాట నిజం. అమెరికా, ఐరోపా ఎయిర్‌లైన్లకు మూసిన రష్యా ఆకాశం మన ఎయిర్ ఇండియాకు తెరిచే ఉంది. పాకిస్తాన్ 2025 ఏప్రిల్ 24న తన గగనతలం మూసినప్పటి నుంచి పడమటి వైపు వెళ్ళే మన విమానాలు చుట్టు తిరిగి, కొన్ని వియన్నాలో ఆగి ఇంధనం నింపుకుని వెళ్ళాల్సి వచ్చింది. అలాంటప్పుడు తెరిచి ఉన్న ప్రతి దారీ విలువైనదే. కానీ గగనతలం తెరవడానికి ఒక ప్రకటన చాలు. టర్బైన్ బ్లేడు పంపాలంటే ఫ్యాక్టరీలో అది ఉండాలి. యుద్ధంలో ఉన్న దేశం ముందు తన ఎయిర్‌లైన్లకు, తన సైన్యానికి ఇచ్చుకుంటుంది. మనం వరుసలో ఎక్కడుంటామో స్నేహం తేల్చదు, కాగితం మీద రాసుకున్న షరతులు, ఆలస్యానికి జరిమానాలు తేలుస్తాయి.

అన్నిటికంటే తక్కువ చర్చ జరిగింది మన రూట్లకు ఈ విమానం నప్పుతుందా అన్న దాని మీద. చిన్న ఊళ్ళకు విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ కోసం అంటున్నారు. సూపర్‌జెట్ 100 సీట్ల జెట్, పూర్తి టేకాఫ్ బరువు 45 టన్నులు దాటుతుంది. మన నిబంధనల్లో రెండు గీతలున్నాయి. 80 సీట్ల లోపు సామర్థ్యమున్న విమానాలకు దేశీయ సర్వీసుల్లో ల్యాండింగ్ చార్జీ ఉండదు. 40,000 కిలోల లోపు విమానాల ఇంధనానికి అమ్మకపు పన్నులో రాయితీ ఉంది. ఎస్‌జే-100 రెండు గీతలూ దాటేస్తుంది. బెంగళూరు నుంచి నడిచే స్టార్ ఎయిర్ ఎంబ్రయర్ ఈ175లో 76 సీట్లే పెట్టుకుంది. ప్రొపెల్లర్లతో నడిచే ఏటీఆర్ 72-600లు కూడా 80 లోపే. ఈ రూట్లలో డబ్బు ఎక్కడ మిగులుతుందో నడిపేవాళ్ళకు బాగా తెలుసు.

రన్‌వేల సంగతి. బెంగళూరు దేవనహళ్ళి విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 9 డిగ్రీలు. ఏప్రిల్ మధ్యాహ్నం 35 డిగ్రీలుంటే తేడా 26. వేడికి గాలి పలచబడుతుంది కాబట్టి డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే విమానానికి ఆ గాలి 6,100 అడుగుల ఎత్తున ఉన్నట్టు అనిపిస్తుంది. నేల వదలడానికి కావలసిన అసలు వేగం 9, 10 శాతం పెరుగుతుంది, అదే సమయంలో ఇంజన్ తోపు తగ్గుతుంది. దేవనహళ్ళిలో పొడవాటి రన్‌వేలున్నాయి, ఇబ్బంది లేదు. అవతలి కొసన ఏముందో చూడాలి. కర్నూలు ఓర్వకల్లు రన్‌వే 2,000 మీటర్లు. మైసూరుది 1,740 మీటర్లు, అదీ పీఠభూమి మీద. సూపర్‌జెట్‌కు సముద్రమట్టంలో, 15 డిగ్రీల చల్లదనంలో, పూర్తి బరువుతో టేకాఫ్‌కే 1,700 మీటర్లు దాటుతుంది. దగ్గరి ఊళ్ళకు ఇంధనం తగ్గించి లేవవచ్చు, నిజమే. అలా తగ్గించుకుని 300 కిలోమీటర్లు వెళ్తే ఏటీఆర్ కంటే పది పదిహేను నిమిషాలు కలిసొస్తుంది, గంటకు ఇంధనం మాత్రం రెండింతలకు మించి తాగుతుంది.

ఇవన్నీ చెప్పి బోయింగ్, ఎయిర్‌బస్‌ల దగ్గరే ఉండిపొమ్మని మేం అనడం లేదు. 2023లో నాలుగు నెలల తేడాతో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలు ఆర్డరు చేశాయి. దాదాపు వెయ్యి విమానాలు! ఎయిర్‌బస్ 2008 నుంచే చైనాలోని తియాంజిన్‌లో ఏ320లు బిగిస్తోంది, 2025లో అక్కడే రెండో లైను కూడా తెరిచింది. మనకు తలుపులు, ఫ్లాప్ బీముల పని వచ్చింది. ఆ పని చేసే బెంగళూరు కంపెనీల నైపుణ్యం చిన్నది కాదు. కానీ అంత పెద్ద ఆర్డర్ల వెనక ప్రభుత్వం కూర్చుని ఏమీ అడగకపోవడం తప్పే. బిగించే లైను కంటే ముందు ఇంజన్ షాపులు అడగాలని మా అభిప్రాయం. హైదరాబాద్‌లో 2025 నవంబరులో మొదలైన సఫ్రాన్ లీప్ ఇంజన్ ఓవర్‌హాల్ కేంద్రం లాంటివి. విమానం పాతికేళ్ళు ఎగురుతుంది, ఆ పాతికేళ్ళూ షాపుకు పని ఉంటుంది.

ఇప్పుడు మీరు చేయగలిగినవి. మొదటిది, కొత్త ఇంజన్‌తో వచ్చిన ఎస్‌జే-100కు రష్యా ఇచ్చే సర్టిఫికెట్ మీద ముద్ర వేసి పంపకుండా డీజీసీఏ సొంతంగా పరీక్షించాలి. 40 డిగ్రీల ఎండలో, ఎత్తైన రన్‌వే మీద, వానాకాలపు నీటిలో ఒక ఇంజన్ ఆపి టేకాఫ్ చేయించాలి. పీడీ-8లో తిరిగే ప్రతి డిస్కు ఆయుష్షు ఎన్ని సైకిళ్ళో (ఒక సైకిల్ అంటే ఒకసారి ఎగిరి దిగడం), ఏ పరీక్షల ఆధారంగా చెబుతున్నారో లిఖితంగా తీసుకోవాలి. 2024 జులైలో మాస్కో దగ్గర మరమ్మతు ముగించుకుని లేచిన సూపర్‌జెట్ కూలి ముగ్గురు సిబ్బంది చనిపోయారు. గాలి తగిలే కోణాన్ని కొలిచే సెన్సార్లు తప్పుగా బిగించడాన్ని దర్యాప్తు వేలెత్తి చూపింది. అంటే తప్పుగా బిగించడానికి వీల్లేని డిజైన్, బిగించాక సరిచూసే పద్ధతి, రెండూ మనం అడగాలి.

ఈ పని చేయడానికి డీజీసీఏలో మనుషులుండాలి. దాదాపు సగం పోస్టులు ఖాళీగా ఉన్నాయని పార్లమెంటరీ సంఘమే 2025లో చెప్పింది. 2014 జనవరిలో అమెరికా విమానయాన భద్రతా సంస్థ ఎఫ్ఏఏ భద్రతా పర్యవేక్షణలో మనల్ని రెండో శ్రేణికి దించింది, 2015 ఏప్రిల్ దాకా మన ఎయిర్‌లైన్లు అమెరికాకు కొత్త సర్వీసు పెట్టలేకపోయాయి. అప్పటి ప్రధాన లోపాల్లో తగినంత మంది నిపుణులు లేకపోవడం ఒకటి. డిజైన్, ఇంజన్, ఫ్లైట్ టెస్ట్ తెలిసినవాళ్ళు హెచ్ఏఎల్, నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ (ఎన్ఏఎల్)లలో రిటైరై ఈ ఊళ్ళోనే ఉన్నారు. బెంగళూరులోనే ఒక సర్టిఫికేషన్ విభాగం పెట్టి మార్కెట్ జీతమిస్తే వస్తారు.

రెండోది, ఉత్పత్తి ఒప్పందంలో ఇవి ఉండాలి: బెంగళూరులో పీడీ-8 ఓవర్‌హాల్ షాపు, ఇంజన్‌ను నడిపి చూసే టెస్ట్ సెల్ మొదటి విమానం కంటే ముందే సిద్ధం కావాలి. మొదటి మూడేళ్ళకు ప్రతి మూడు ఇంజన్లకు ఒక స్పేర్ యూఏసీ ఖర్చుతో ఇక్కడ ఉండాలి. సరఫరా ఆగిన రోజున డిజైన్ పత్రాలన్నీ హెచ్ఏఎల్ చేతికి రావాలి, మార్పులు చేసే అధికారంతో సహా. వీటికి ఒప్పుకోకపోతే మనం కొనుక్కుంటున్నది బిగించే పని మాత్రమే.

మూడోది ఎన్ఏఎల్ రూపొందిస్తున్న చిన్న ప్రయాణికుల విమానం సరస్. 2004లో ఎగిరింది, 2009 మార్చిలో బిడది దగ్గర ఇంజన్‌ను గాల్లో ఆపి మళ్ళీ వెలిగించే పరీక్షలో కూలి ముగ్గురు వాయుసేన అధికారులు ప్రాణాలిచ్చారు. ఏళ్ళ తరబడి ఆగిపోయి 2018లో మళ్ళీ లేచింది. 19 సీట్ల ఎంకే2కు నిధులు ఒక ఏడాది ఇచ్చి ఒక ఏడాది ఆపితే ఇంజనీర్లు పక్కనున్న విదేశీ కంపెనీల క్యాంపస్‌లకు వెళ్ళిపోతారు, వెళ్ళిపోతున్నారు కూడా. సర్టిఫికేషన్ పూర్తయ్యేదాకా ఆగని నిధి ఒకటి మంత్రివర్గం ముందు పెట్టండి. ఒక చిన్న విమానాన్ని మొదటి గీత నుంచి సర్టిఫికెట్ దాకా తీసుకెళ్ళిన బృందం ఉంటేనే రేపు 90 సీట్ల విమానం గురించి ఎవరితోనైనా సమానంగా కూర్చుని మాట్లాడగలం.

ఎస్‌జే-100 ఆమోదానికి డీజీసీఏ ఏ ప్రమాణాలు పెడుతుందో, ఏ పరీక్షలు ఇక్కడ చేయిస్తుందో ఉత్పత్తి ఒప్పందానికి ముందే ప్రజల ముందు పెట్టమని కోరుతున్నాం. మీ జవాబు తెలుగులో వస్తే ఇంకా సంతోషం.

ఇట్లు,
విమానాల పనిలో ఉన్న, విమానాలంటే ప్రాణమైన కొందరు తెలుగువాళ్ళం,
బెంగళూరు